తాటిచెట్టు మీద చత్వారం

మా ఆయన చెట్టు మీద వెనక్కి వాలుతున్నాడని మొదట గమనించింది నేనే. తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఎక్కే మనిషికి వాలకుండా పని జరగదు, అది నాకు తెలుసు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టిన మోకు మీద బరువు వేసి, పాదాలు బోదెకు ఆనించి, ఒళ్ళు కొంచెం వెనక్కి వదిలితేనే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. అప్పుడు ఎడమ చేత్తో గెల పట్టుకుని, కుడి చేత్తో దాని కొసను పల్చగా గీయాలి. గీసిన చోట నుంచి కల్లు బొట్టుబొట్టుగా లొట్టిలోకి దిగుతుంది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ కింద నిలబడి చూస్తున్న పనే.

ఆ చలికాలం మాత్రం ఆ వాలు మారింది. తల వెనక్కి లాక్కుని, గడ్డం పైకెత్తి, చేతులు బారచాపి, గెలను తన నుంచి దూరంగా తోస్తున్నాడు. అది చాలక ఒంటిని కూడా వెనక్కి వదిలేస్తున్నాడు. మోకు బిగుసుకుపోయి కిర్రుమంటోంది. కింద కల్లు కోసం కూచున్నవాళ్ళు తమ మాటల్లో తాము ఉన్నారు. నేను మాత్రం చేతిలో ఖాళీ లొట్టి పట్టుకుని, ఆయన దిగేదాకా తల దించలేకపోయాను.

మాది భద్రాచలం నుంచి దుమ్ముగూడెం పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా ఉండే ఊరు. చేలు దాటితే అడవి, తాళ్ళు ఎక్కితే గోదావరి కనిపిస్తాయి. మా ఆయన తన తండ్రి వెంట చిన్నప్పుడే చెట్టెక్కినవాడు. తర్వాత ఆయన తమ్ముడూ ఆ పనే నేర్చుకున్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి గీయాలి. గీత పల్చగా పడితే గెల చాలా రోజులు పారుతుంది. మందంగా కోస్తే తొందరగా అయిపోతుంది. ఆయన గీసిన గెల మిగతావాళ్ళ గెలల కంటే ఎక్కువ రోజులు పారుతుందని ఊళ్ళో పేరుంది. అలాంటిది ఆ ఏడు చెట్ల కింద ముక్కలు మందంగా పడటం మొదలైంది. లొట్లలో కల్లు తగ్గింది.

కారణం అడిగితే మొదట చలి అన్నాడు. తర్వాత చెట్టు ముదిరిందన్నాడు. ఆ తర్వాత కత్తి మొండిబారిందని సాయంత్రాలన్నీ దాన్ని నూరుతూ కూచున్నాడు. నేను నమ్మినట్టే ఉన్నాను.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా మండల కేంద్రంలో ఉన్న చిన్న లైబ్రరీలో, బెంచీ మీద కూచుని నేర్చుకున్నదే. కూరగాయలకు పోయినప్పుడల్లా గంటసేపు అక్కడ కూచోకుండా ఇంటికి రాను. భూకంపం ఎందుకొస్తుందో, తేనెటీగ ఎట్లా దారి పడుతుందో, గుండెకు ఎన్ని గదులుంటాయో నాకు ఆ బెంచీ చెప్పింది. లైబ్రరీ సారు కొత్త పుస్తకాలు రాగానే ముందు నాకే చూపిస్తాడు. ఈ సంగతి చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు.

ఒకరోజు అదే బెంచీ మీద నేను కూచుని ఉంటే, ఎదుటి కుర్చీలో ఒక రిటైరైన పెద్దాయన పేపరు చదువుతున్నాడు. అద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చినట్టున్నాడు. పేపరును బారెడు దూరం చాపి, తల వెనక్కి లాగి, గడ్డం పైకెత్తి చూస్తున్నాడు. మా ఆయన చెట్టు మీద చేస్తున్నది సరిగ్గా అదే. ఈయన వెనక కుర్చీ ఉంది. ఆయన వెనక ఏమీ లేదు.

లేచి ఆరోగ్యం పుస్తకాలున్న బీరువా దగ్గరికి పోయాను. కన్ను మీద ఒక మంచి పుస్తకం దొరికింది. వయసులో ఉన్నప్పుడు కంటి లోపలి కటకం మెత్తగా ఉండి, దగ్గరి వస్తువు చూడాల్సి వచ్చినప్పుడు ఉబ్బుతుందట. నలభై దాటేసరికి గట్టిపడి ఆ పని చేయలేదట. దూరానివి బాగానే కనిపిస్తూ దగ్గరివి మసకబారతాయి. దానికి చత్వారం అని పేరు. మనిషన్నవాడికి రాక తప్పదని రాసి ఉంది. ఆ పేజీ రెండుసార్లు చదివి ఇంటికి వచ్చాను.

"నీకు చత్వారం వచ్చింది," అన్నాను అన్నం పెడుతూ.

"ఏందది, రోగమా?"

"రోగం కాదు. నలభై దాటితే అందరికీ వస్తది."

"మరి నీకు రాలే?"

"నేను నీకన్న చిన్నదాన్ని. నాకింక టైముంది."

"అయితే నీ పుస్తకానికి వచ్చింది చత్వారం. నాకు కత్తి మొండిబారింది, గంతే."

మందుబిళ్ళల అట్ట తెచ్చి ఇచ్చి, దాని మీది అక్షరాలు చదవమన్నాను. చేతిలోకి తీసుకున్నాడు. మెల్లగా చెయ్యి సాగింది. మోచెయ్యి తిన్నగా అయిపోయింది. ఇంకా కనబడక తల వెనక్కి పోయింది.

"ఇంక నీకు చెయ్యి సరిపోదు," అన్నాను.

అట్ట నా ఒళ్ళో పడేసి అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కునేటప్పుడు మాత్రం, నా వైపు చూడకుండా, "చెట్టు దిగమంటరా?" అన్నాడు. అప్పుడు అర్థమైంది. నా భయం ఆయన పడిపోతాడని. ఆయన భయం చెట్టు దిగాల్సి వస్తుందని. కత్తి నూరుతూ కూచున్న సాయంత్రాలన్నీ ఆ భయంతోనే కూచున్నాడు.

మొదట భద్రాచలంలో అంగడికి పోయి చదివే అద్దాలు కొనుక్కొచ్చాం. వాటి కాడలకు తాడు కట్టి తల వెనక ముడేశాను. పైకి పోయాక గెల బాగానే కనిపించిందట. దిగేటప్పుడు వచ్చింది చిక్కు. పాదం ఎక్కడ పెట్టాలో చూసుకుందామని కిందికి చూస్తే, ఆ అద్దాల్లోంచి బోదె, కాళ్ళు, నేల అన్నీ అలికినట్టు కనిపించాయి. అద్దాలు నుదుటి మీదికి తోద్దామని చెయ్యెత్తాడు. చెమటకు జారి, తాడు ఊడి, అవి కింద కూచున్నవాళ్ళ మధ్యలో పడ్డాయి.

వరసకు నాకు మామ అయ్యే ముసలాయన ఒకడు రోజూ అక్కడ మొదటి రేకకు, అంటే తాటాకు దొన్నెడు కల్లుకు, కూచుంటాడు. అద్దాలు తీసి తన ముక్కు మీద పెట్టుకుని పైకి చూశాడు.

"కొడుకా, లొట్టి దించమంటే కళ్ళజోడు దించినవేంది? ఇది తాగితే నిషా ఎక్కుతదా?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా దిగాక నవ్వాడు కానీ, మర్నాడు అద్దాలు గూట్లోంచి తీయలేదు. మళ్ళీ అదే వాలు. నేను మళ్ళీ రోజూ చెట్ల కిందికి పోతున్నాను, కల్లు దించుకునే నెపం మీద.

లైబ్రరీలో వెతకడం మానలేదు, కానీ మనసు చెట్టు మీది మోకు మీదికి పోయి, చదివిన వాక్యమే మళ్ళీ చదవాల్సి వచ్చేది. ఒక పత్రికలో కనుగుడ్డు మీద పెట్టుకునే కాంటాక్ట్ లెన్సుల గురించి ఉంది. సినిమావాళ్ళు కళ్ళ రంగు మార్చుకోవడానికి పెట్టుకుంటారని మాత్రమే నాకు అప్పటిదాకా తెలుసు. చత్వారానికి కూడా ఉన్నాయని, ఒకే లెన్సులో దగ్గరి చూపు, దూరపు చూపు రెండూ కలిపి చేస్తారని చదివి, పేజీ మీద వేలు పెట్టుకుని అట్లాగే కూచున్నాను. జారవు. కింద పడవు. చెట్టు మీది మనిషి కోసమే చేసినట్టున్నాయి. సారుకు చూపిస్తే ఆయన కూడా చదివి, "ఖమ్మంలో కంటి డాక్టర్లున్నరు కదమ్మా, ఒకసారి అడిగి చూడుండ్రి" అన్నాడు.

"కంట్ల ప్లాస్టిక్ ముక్క పెట్టుకోవాల్నా?" అన్నాడు మా ఆయన.

"మెత్తగుంటదట."

"నువ్వు పెట్టుకున్నవా?"

"చదివిన."

"గట్లయితే ఫస్టు నువ్వు చదువుకుంట చెట్టెక్కు, నీ ఎనక నేనెక్కుత."

ఇట్లా పదిసార్లన్నాక, ఒక పొద్దున తనే ఉతికిన చొక్కా వేసుకుని బస్సు టైము అడిగాడు.

ఖమ్మంలో కంటి దవాఖానలో డాక్టరు ఓపికగా చూశాడు. కన్ను ఆరోగ్యంగా ఉందని, వచ్చింది చత్వారమేనని చెప్పాడు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన గోడ మీది బొమ్మ చూస్తున్నాడు. చెట్టెక్కే పని అని విని డాక్టరు కొంచెం ఆలోచించాడు. లెన్సులు కుదురుతాయి గానీ చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకున్నాకే కంటికి తగలాలి, నీళ్ళు తగలకూడదు, కన్ను ఎర్రబడితే వెంటనే తీసేసి రావాలి, నేల మీద అలవాటయ్యేదాకా చెట్టెక్కకూడదు అన్నాడు. అన్నింటికీ మా ఆయన తలూపాడు. డాక్టర్ల ముందు ఆయన దేనికైనా తలూపుతాడు.

లెన్సు కొలతలు చూసే అమ్మాయి మమ్మల్ని ఇంకో గదిలోకి తీసుకుపోయింది. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, మాట చాలా మెత్తన.

"అంకుల్, దగ్గర చూసి చేసే పని ఏముంటుంది మీకు?"

"గెల గీస్తడమ్మా," అన్నాను నేను.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "అంటే ఎంత దగ్గర నుంచి చూస్తారు?"

నేను రెండు చేతులూ ఎత్తి, పుస్తకం పట్టుకున్నట్టు నా ముఖం ముందు పెట్టి చూపించాను. దగ్గర చూడటం అంటే నాకు తెలిసింది అదే. ఆ అమ్మాయికీ అదే. అక్షరాలున్న అట్ట ఇచ్చి అంత దూరంలోనే పట్టుకోమంది. ఆయన తలూపి పట్టుకున్నాడు. దానికి తగ్గ లెన్సులు వారం రోజులు వాడి చూడమని ఇచ్చింది.

పెట్టుకోవడం నేర్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది. తాటిచెట్టు మొవ్వలో కందిరీగలు ముసిరినా కదలని మనిషి, తన వేలు తన కంటి దగ్గరికి వస్తే తల గోడకు కొట్టుకునేంత వెనక్కి పోయాడు.

"అంకుల్, మీ వేలే కదా."

"అందుకే బిడ్డా. అది ఏమేం చేసిందో నాకు తెల్సు కదా."

చివరికి పెట్టుకున్నాడు. బస్సులో వస్తూ టికెట్టు మీది అక్షరాలన్నీ చదివాడు. ఇంటికొచ్చి ఫోన్ చదివాడు, బిస్కెట్ పొట్లం చదివాడు. నా లైబ్రరీ పుస్తకం తీసి మొదటి పేజీలో కింద ఉండే సన్న అక్షరాలు కూడా చదివాడు. ఇంట్లో పండగలా ఉంది. కొన్ని రోజులు నేల మీద తిరిగి అలవాటు చేసుకున్నాక, ఒక పొద్దున లెన్సులు పెట్టుకుని అన్నిటికంటే పొట్టి తాటిచెట్టు ఎక్కాడు. నేను కింద ఉన్నాను.

పైన చాలాసేపు కత్తి చప్పుడు వినపడలేదు. తర్వాత ఏమీ కోయకుండానే దిగొచ్చాడు.

"ఏమాయె?"

"గెల కనవడ్తలేదు. దగ్గరికి మొకం పెడితే కనవడ్తది, గట్ల పెడితే కత్తి ఆడదు. కిందికి చూస్తే నీ మొకం కూడా రెండు నీడలున్నట్టుంది." మోకు విప్పి భుజాన వేసుకున్నాడు. "పుస్తకం మాత్రం మంచిగ కనవడ్తంది. చెట్టు మీద నేను పుస్తకం చదువుతనా?"

ముసలి మామ ఆయన ముఖం చూసి, తన ఖాళీ రేక పక్కన పెట్టాడు.

ఆ సాయంత్రం చెట్టుకు పోలేదు. ఎన్నేళ్ళలోనో ఒంట్లో బాగుండి కూడా పోని సాయంత్రం అది. వాకిట్లో కూచుని, "ఈ ఎండకాలం అయినంక తాళ్ళు తమ్మునికి అప్పజెప్త," అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టమనిపించింది. కోపముంటే మాటకు మాట అనేదాన్ని.

నేను గుమ్మంలో కూచుని పుస్తకం తెరిచాను. చదవలేదు. నా కళ్ళకూ పేజీకీ మధ్య ఉన్న దూరం చూస్తున్నాను.

"లే," అన్నాను. "ఆ గుంజ తాటిచెట్టు అనుకో. గెల గీసినట్టు నిలబడు."

"ఏం పిచ్చే నీకు?"

"లే అంటున్న."

లేచాడు. పందిరి గుంజ ముందు నిలబడి ఒక చెయ్యి చాపి గెల పట్టుకున్నట్టు, ఇంకో చేత్తో గీసినట్టు చూపించాడు. ఆయన కంటికీ చేతికీ మధ్య నా పుస్తకం పెట్టి చూశాను. నేను చదివే దూరానికి దాదాపు రెండింతలుంది. దవాఖానలో ముగ్గురం కలిసి ఆయన పనిని నా ఒళ్ళో పుస్తకంతో కొలిచాం. ఆయన కళ్ళ తప్పేం లేదు, లెన్సు తప్పూ లేదు. ఆయన నోరు తెరిచి చెప్పి ఉండాల్సింది, నేను నోరు మూసుకుని ఉండాల్సింది.

మళ్ళీ ఖమ్మం పోయాం. ఈసారి మోకు కూడా పట్టుకురమ్మన్నాను. బస్సులో కండక్టరు దాన్ని చూసి, "పెద్దాయనా, బస్సుల తాళ్ళు లేవు, కూసో" అన్నాడు.

లెన్సుల అమ్మాయికి సంగతి చెబితే ముందు తెల్లబోయింది. తర్వాత నవ్వి, "చూపించండి అంకుల్" అంది. గదిలో చోటు లేదు. బయట వరండాలో సిమెంటు స్తంభం ఉంది. మా ఆయన చెప్పులు విడిచి, స్తంభాన్ని ఒకసారి చేత్తో తాకి, మోకు చుట్టి బిగించాడు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏందన్నా, దవాఖాన ఎక్కుతున్నవా?"

"ఎక్క, తమ్మీ. కొలత ఇస్తున్న."

కళ్ళలో చుక్కలు వేయించుకుని కూచున్నవాళ్ళు కూడా ఒక కన్ను తెరిచి చూస్తున్నారు. కత్తికి బదులు ఆ అమ్మాయి పెన్ను ఇచ్చింది. టేపు పట్టుకుని పక్కన నిలబడింది.

"మామూలుగా పని చేసేటప్పుడు ఎలా ఉంటారో అలా ఉండండి."

మా ఆయన కదలకుండా ఆలోచించాడు. "మామూలుగ అంటే ఇప్పటి లెక్కనా, కండ్లు మంచిగున్నప్పటి లెక్కనా?"

ఆ అమ్మాయి టేపు దించింది. నేను కూడా ఆ మాట అనుకోలేదు. ఇప్పటి వాలు కొలిస్తే ఆ వాలుకే లెన్సు వస్తుంది.

"కళ్ళు బాగున్నప్పటిలా," అంది. "గుర్తుందా అంకుల్?"

"యాదికి లేదు బిడ్డా. కొద్దికొద్దిగ మారింది కదా." అని, కొంచెం ఆగి, "ఆగు," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

కళ్ళు మూసుకున్న కొద్దిసేపటికి ఆయన ఒళ్ళు దానంతటదే కదిలింది. సాగిన మోచేతులు కొంచెం మడిచాడు. గడ్డం దిగింది. మెడ ముందుకొచ్చింది. వీపు తాళ్ళెక్కే మనిషికి ఉండాల్సినంత వాలులో ఆగింది. పెళ్ళయిన కొత్తలో నేను కింద నుంచి చూసిన మనిషి ఆ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు, జుట్టు మాత్రం నెరిసింది. ఆ అమ్మాయి మెల్లగా టేపు చాపి, మూసిన కంటి దగ్గర నుంచి పెన్ను కొస దాకా కొలిచింది. రెండోసారి కూడా కొలిచింది.

"దగ్గరి పవర్ తగ్గించాలి," అంది. "దీంతో దూరం కూడా ముందటికన్నా నయంగా ఉంటుంది. కానీ చిన్న అక్షరాలు చదవడానికి ఇంత బాగా పనికిరావు అంకుల్."

"చదివేటందుకు ఇంట్ల మనిషుంది," అన్నాడు మోకు విప్పుకుంటూ.

డాక్టరు మళ్ళీ చూసి, మళ్ళీ అన్ని జాగ్రత్తలూ చెప్పాడు. ఈసారి మా ఆయన తలూపడమే కాకుండా రెండు ప్రశ్నలు కూడా అడిగాడు. ఒకటి చెమట గురించి, ఇంకొకటి తాటి పుప్పొడి గురించి. పుప్పొడి రాలే రోజుల్లో లెన్సు పెట్టి ఎక్కవద్దని డాక్టరన్నాడు. ఆ రోజులు తమ్ముడికి ఇవ్వడానికి మా ఆయన ఒప్పుకున్నాడు. అంతకు మించి ఇవ్వనన్నాడు.

కొత్త లెన్సులతో నేల మీద తిరిగి, పొట్టి తాడు ఎక్కి దిగి, చూపు కుదిరిందన్న ధీమా వచ్చాకే పెద్ద తాళ్ళకు పోయాడు. ఆ పొద్దున నేను లొట్లు మోసుకుని వెంట పోయాను. ముసలి మామ అప్పటికే రేక మడుచుకుని కూచున్నాడు.

"కోడలా, ఇవ్వాళ అద్దాలు రాలతయా, కల్లు రాలుతదా?"

"చూస్తనే ఉండు మామా."

పైకి పోయాడు. మోకు బిగించాడు. వీపు చూశాను. ఆ వరండాలో కళ్ళు మూసుకున్నప్పుడు ఆగిన చోటే ఆగింది. కత్తి చప్పుడు పల్చగా, వెంటవెంటనే వినిపించింది. గెల ముక్క ఒకటి గాలికి తిరుగుతూ వచ్చి మామ భుజం మీద పడింది. ఆయన దాన్ని తీసి వేళ్ళ మధ్య పట్టుకుని సూర్యుడి వైపు ఎత్తి చూశాడు. వెలుతురు దాని లోంచి దిగుతోంది. ఏ హాస్యమూ ఆడకుండా రేక ముందుకు చాపాడు.

నేనింకా తల ఎత్తే ఉన్నాను. పైన ఆయన గీత ముగించి, లొట్టి కట్టి, కిందికి చూశాడు. పాదం పెట్టబోయే చోటు చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు.

"నువ్వింక ఈడ్నే ఉన్నవేంది?" అన్నాడు. "లైబ్రరీ తెరిచే టైమాయె. జల్దీ పో."

"నువ్వు దిగినంక పోత."

"ఇంకా మూడు తాళ్ళున్నయి నాకు. పొద్దుగూకే దాక నిలబడ్తవా? పో."

కొద్దిసేపు నిలబడి, లొట్టి మామ పక్కన పెట్టి, రోడ్డు మీదికి నడిచాను. ఆ రోజు లైబ్రరీలో సారు ఇచ్చిన కొత్త పుస్తకంలో మొదటి అధ్యాయం, ఒక్కసారి కూడా పై వాక్యానికి వెనక్కి పోకుండా, చివరిదాకా చదివాను.